ఇంకొక లైటు రావాలి

మొన్న సోమవారం మా స్కూలుకు సున్నం వేశారు. పై ఆఫీసు నుంచి ఎవరో చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారు రెండు రోజుల్లో గోడలన్నీ తెల్లగా చేయించి, గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు వైపులా ఉన్న రాళ్ళకు ఒకటి తెలుపు, ఒకటి కావి రంగు పూయించారు. మా ఊళ్ళో ఇది కొత్త కాదు. బంగారు గనులు నడిచిన రోజుల్లో పెద్దదొర వస్తున్నాడంటే ముందు సున్నం బకెట్టు బయటికి వచ్చేది. గనులు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. దొరలూ పోయారు, బంగారమూ పోయింది, సున్నం బకెట్టు మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

పచ్చిసున్నం వాసన తగలగానే ఏడో తరగతి గదిలో పాఠం చెబుతున్నదాన్ని ఆగిపోయాను. ల్యాంప్ రూమాయన పోయి నాలుగు నెలలైంది. పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. మొన్న వచ్చింది. పిల్లలు చూస్తారని బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్ళీ రాస్తూ కాసేపు నిలబడ్డాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా కేజీఎఫ్‌లో చాలామందికి తెలియదు. అందరికీ ఆయన ల్యాంప్ రూమాయన.

ల్యాంప్ రూము అంటే గనిలోకి దిగే నిలువు బావి, షాఫ్టు పక్కన ఉండే చిన్న గది. భూమిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ఆ గది కిటికీ దగ్గర నిలబడి తన నంబరు చెప్పి, టోపీకి తగిలించుకునే లైటు తీసుకోవాలి. పని ముగించి పైకి వచ్చాక అదే కిటికీలో దాన్ని తిరిగి ఇచ్చి ఇంటికి పోవాలి. గది లోపల గోడల నిండా కొక్కేలు, ఒక్కో కొక్కెం కింద ఒక్కో నంబరు. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కెమైనా ఖాళీగా ఉందంటే, ఆ నంబరు మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. అన్ని లైట్లూ వచ్చేదాకా ల్యాంప్ రూమాయన గది మూయకూడదు. ఆయన ముప్పై ఏళ్ళు ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా కిందికి దిగలేదు.

"అందురూ కిందికి పోయినారు, పైకొచ్చినారు. నేను పోనూ లేదు, రానూ లేదు. యాడ నిలబెట్టినారో ఆడనే ఉండాను" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

మనుషులు ఆయనకు పేర్లతో గుర్తుండరు, నంబర్లతో గుర్తుంటారు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో ఒకసారి నేను వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. "ఏమప్పా, రెండొందల పద్నాలుగూ, బాగుండావా" అని ఎవరినో పలకరిస్తున్నాడు. తిరిగి చూస్తే, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన. పక్కన మనవడు, కంపెనీ ఐడీ కార్డు మెడలో వేలాడుతోంది, వేమగల్లో ఫ్యాక్టరీ పిల్లాడనుకుంటా. ఆ పిల్లాడికి తాతను నంబరుతో పిలవడం చిన్నతనంగా అనిపించినట్టుంది, మొహం ముడుచుకున్నాడు. ముసలాయన మాత్రం కర్ర చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. "ఉండాను సామీ, ఇంగా పైననే ఉండాను" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మనవడికీ అర్థం కాలేదు, నాకూ మొదట అర్థం కాలేదు.

నాతో ఆయనకు ఆ సుఖం లేదు. మా నాన్న టైమ్ ఆఫీసులో గుమాస్తా. భూమి పైన కూర్చుని హాజరు వేసుకునే మనిషి, లైటుతో పని లేదు. "మీ నాయన మంచోడే గానీ నంబరు లేదు గదమ్మా. నంబరు లేనోళ్ళను గెవనం పెట్టుకునేది కష్టం" అనేవాడు. ఇరవై అడుగుల దూరంలో ఇద్దరూ ఏళ్ళ తరబడి పనిచేశారు. మా నాన్న మొహం ఆయనకు సరిగా గుర్తు లేదు. నేను ఉక్రోషంగా నాన్న ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే, ఫోటోను వెనక్కి తిప్పి చూశాడు.

అది ఆయన అలవాటు. చేతికి ఏ వస్తువిచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాడు. టీ గ్లాసు ఇస్తే, తాగేశాక గ్లాసును బోర్లించి అడుగు చూసి అప్పుడు కింద పెడతాడు. లైటు అడుగున నంబరు ఉండేదట. ముప్పై ఏళ్ళు చూసిన చేతులు ఇంక మానలేదు. ఇంకోటి, ఏ వస్తువూ ఊరికే చేతిలో పెట్టడు. పెన్ను ఇచ్చినా, జామకాయ ఇచ్చినా రెండో చివర తానే పట్టుకుని, "తీస్కున్నావా?" అని అడుగుతాడు. మనం "తీసుకున్నా" అని నోటితో చెప్పాలి. తలాడిస్తే కుదరదు. చెప్పేదాకా వదలడు. జామకాయను ఇద్దరం చెరో వైపు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే చూసేవాళ్ళకు ఎలా ఉంటుంది. మొదట్లో నాకు సిగ్గేసేది, తర్వాత అలవాటైంది.

మా ఊరు పగలంతా ఖాళీగా ఉంటుంది. తెల్లవారకముందే ఊళ్ళో సగం మంది బెంగళూరు రైలెక్కుతారు, చీకటి పడ్డాక దిగుతారు. సాయంత్రం రైలు వచ్చే వేళకు ఆయన కోరమండల్ స్టేషన్‌లో సిమెంటు బెంచీ పక్కన నిలబడి ఉండేవాడు. ఆయనకు ఆ రైల్లో వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. చెల్లెలి కూతురు ఒకతె పక్క ఇంట్లోనే ఉండి రెండు పూటలా ఇంత ముద్ద, చారు పంపించేది. ఒక రోజు అడిగాను, ఎవరి కోసం నిలబడతావప్పా అని.

"ఎవురికోసరమూ కాదమ్మా. పొద్దున పోయినోళ్ళంతా వచ్చేసినారా అని సుమ్నే, ఊరికే చూస్తాను" అన్నాడు. అందరూ దిగి, ఆటోలు కదిలి, ప్లాట్‌ఫారం మీద కుక్క ఒక్కటే మిగిలాక అప్పుడు ఇంటి దారి పట్టేవాడు.

గది తాళం ఆయన దగ్గర ఉండిపోవడానికి ఒక కథ ఉంది, ఆయనే చెప్పాడు. గనులు మూసేశాక స్టోరు వాళ్ళు వచ్చి ల్యాంప్ రూములో లైట్లన్నీ లెక్క చూసుకుని పెట్టెల్లో సర్దుకున్నారు. ఒకటి తగ్గింది. మూడు వందల అరవై రెండో నంబరు. కొక్కెం ఖాళీగా ఉంది.

"ఇంగొక లైటు రావాల సార్, అది వచ్చేదాకా రూము మూసేదానికి లేదు, అది రూలు అని చెప్పినాను. ఆ సారు నా మొగం చూసినాడు. పాపం ఆయనకూ పని పోయింది గదా. సరేలేప్పా, అది వచ్చినంక తాళం తెచ్చి ఆఫీసులో ఇయ్యి అని పాయ. ఆ ఆఫీసూ మూసేసినారు. ఇంగ నేనెవురికియ్యాల?"

అట్లా షిఫ్టు ముగియకుండా ఉండిపోయింది. రోజూ పొద్దున పోయి తాళం తీసి, ఊడ్చి, ఖాళీ కొక్కేల మీద దుమ్ము దులిపి, కిటికీ రెక్క తెరిచి, సాయంత్రం మూసేవాడు. చుట్టుపక్కల గదుల తలుపులు పోయాయి, రేకులు పోయాయి, కిటికీ ఊచలు పోయాయి. ల్యాంప్ రూములో ఒక్క మేకు పోలేదు. ఇనుప సామాన్ల వాళ్ళు వచ్చి అడిగితే, "ఇంగా డ్యూటీలో ఉండాదప్పా ఈ రూము" అని పంపించేసేవాడు.

నేను ఆ గదిలోకి మొదటిసారి అడుగు పెట్టింది రెండేళ్ళ కిందట. మా జిల్లాలో కాపాడుకోవాల్సిన పాత కట్టడాల జాబితా తయారు చేస్తున్నామని బెంగళూరు నుంచి కొందరు వచ్చారు. చరిత్ర టీచర్లను సాయం అడిగారు. ఆదివారాలు వాళ్ళతో తిరిగాను. ఆవని గుళ్ళు, పాత ముసాఫిరు బంగళాలు, ఇక్కడి క్లబ్బు, చర్చి, షాఫ్టు మీది ఇనుప గోపురాలు, దొరల బంగళాలు. జాబితాలో చేరితే నీలం రంగు బోర్డు పెడతారు. బోర్డు ఉన్న కట్టడాన్ని ఎవరూ ఊరికే పడగొట్టలేరు. ఆ సంగతి ఆయన చెవిన పడింది.

ఒక సాయంత్రం స్కూలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల.

"టీచరమ్మా, ఆవని గుడికి బోర్డు పెడతారంట గదా?"

"పెడతారప్పా."

"గుడికేముండాదమ్మా, దేవుడు ఉండాడు, చూసుకుంటాడు. క్లబ్బుకు మెంబర్లుండారు, చర్చికి ఫాదరుండాడు. నా రూముకు ఎవురుండారు? నేనొకడు. నాకు డెబ్బై ఆరు." కాలరు సర్దుకున్నాడు. "నేను పోతే మర్నాడే రేకులు పీకేస్తారు. ఆ బోర్డు ఒకటి పెట్టిస్తే నాకు నిద్ర పడతాది."

ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. వెంటే వెళ్ళాను.

రాళ్ళు పేర్చి, మట్టీ సున్నమూ కలిపి కట్టిన గోడలు, పైన రేకులు. లోపల పాత నూనె, తుప్పు కలిసిన వాసన. గోడల మీద నంబర్లు వెలిసిపోయి, కొన్ని ఒకదాని మీద ఒకటి రాసి ఉన్నాయి. నన్ను పట్టి నిలిపింది మాత్రం కిటికీ. దాని కింది చెక్క మధ్యలో దోసెడు లోతున గుంత పడి, నున్నగా, నల్లగా మెరుస్తోంది. తరాల తరబడి లైట్లు అటూ ఇటూ జారి జారి, మోచేతులు ఆని ఆని చెక్క అరిగిపోయింది. నేను అందులో అరచెయ్యి పెట్టాను. చెయ్యి సరిగ్గా ఇమిడింది. మా తాత కూడా మొదట గనిలో దిగినవాడే, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాడు. ఆయన చెయ్యి కూడా ఇక్కడ ఆనే ఉంటుందని తోచింది. ఆ రాత్రే బెంగళూరు ఆర్కిటెక్టు అమ్మాయికి ఫోను చేశాను. క్లబ్బు, చర్చి ఎక్కడైనా ఉంటాయి, ఈ గుంత ఎక్కడా ఉండదు, వచ్చి చూడమన్నాను. గురువారం వస్తానంది.

మర్నాడు ఆయనకు చెప్పాను. గురువారం వస్తున్నారప్పా, కాస్త శుభ్రంగా పెట్టుకో అన్నాను.

ఆ నాలుగు మాటలు ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. మర్యాదకు అనే మాట, ఏ చుట్టమొస్తున్నా ఎవరైనా అనే మాట. ఈ ఊళ్ళో పుట్టిన దాన్ని, సున్నం బకెట్టు సంగతి తెలిసిన దాన్ని, మా నాన్న టైమ్ ఆఫీసుకు తానే నిచ్చెన వేసుకుని సున్నం కొట్టగా చూసిన దాన్ని. అయినా తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం కారు దిగేసరికి ముందు దారి పక్కన రాళ్ళు కనిపించాయి. ఒకటి తెలుపు, ఒకటి కావి. తల ఎత్తితే ల్యాంప్ రూము కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది. రాతిగోడ కనబడకుండా బయటంతా సిమెంటు పూత, దాని మీద సున్నం. తలుపుకు పచ్చ ఎనామిల్ పెయింటు, ఇంకా ఆరలేదు. లోపల నంబర్లన్నీ నల్లరంగుతో కొత్తగా, అచ్చు గుద్దినట్టు రాసి ఉన్నాయి. ఒక మేస్త్రీని పెట్టుకుని మూడు రోజులు తానూ రాత్రీ పగలూ పనిచేశాడట. వేలి గోళ్ళలో ఇంకా సున్నం ఉంది. పాత ఖాకీ బట్టలు వేసుకుని, జేబు మీద వెనకటి బిళ్ళ పెట్టుకుని, గుమ్మం పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు.

ఆర్కిటెక్టు అమ్మాయి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. చెక్క మీద చెయ్యి పెట్టి, అటు నుంచి ఇటు తడిమింది. చెక్క సమంగా, పచ్చగా ఉంది. ఆమె వేళ్ళకు పచ్చరంగు అంటుకుంది.

"ఆ గుంత ఏదీ?" అని నన్ను కన్నడలో అడిగింది.

ఆయనకు కన్నడ వచ్చు. నా వంతు రాకముందే జవాబు చెప్పాడు. "పూడ్చేసినానమ్మా. ఇన్‌స్పెక్షన్‌లో గుంతలుంటే రిమార్కు రాస్తారు గదా. సిమెంటు పెట్టి లెవెల్ చేసినాను. ఇంగ చూడండి, చెయ్యి పెడితే యాడా తగలదు."

ఆ అమ్మాయి చెడ్డది కాదు. ఆయన వైపు చూసి, "చాలా బాగా చేశారు" అంది. ఆయన మొహం వెలిగింది. కారులో కూర్చున్నాక పచ్చని వేళ్ళు రుమాలుతో తుడుచుకుంటూ, "అందులో పాతది ఏమీ మిగల్లేదు మేడమ్, నేను ఏమని రాయను" అని కాగితం మీద అడ్డంగా గీత గీసింది. నేను ఆ పూత కింద రాయి ఉంది, సిమెంటు తీస్తే గుంత ఉంది అని ఏదో అన్నాను. గట్టిగా అనలేదు. కారు ఆపమని అనలేదు. వాళ్ళకు చీకటి పడేలోపు ఇంకో రెండు చోట్లకు పోవాలి. అదొక సాకు. నిజం చెప్పాలంటే, ఆ తెల్లగోడ చూసి నాకు వాళ్ళ ముందు సిగ్గేసింది. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయనకు నిజం చెప్పాలని మూడు సార్లు బయలుదేరాను. ఏమని చెప్పాలి? నువ్వు ప్రాణం పెట్టి చేసిన పనే నీ గదికి అడ్డం వచ్చిందని చెప్పాలా? శుభ్రంగా పెట్టుకోమన్నది నేనే కదా. మొదటిసారి అడిగినప్పుడు, "వస్తుందప్పా, ఆఫీసు పని కదా, ఆలస్యమవుతుంది" అన్నాను. ఒకసారి అన్నాక ఇంక అదే మాట.

"టీచరమ్మా, బోర్డు యాడికొచ్చింది?" మార్కెట్లో అడిగేవాడు. స్కూలు గేటు దగ్గర అడిగేవాడు. స్టేషన్లో నేను మా అక్కను దింపడానికి పోతే బెంచీ పక్క నుంచి వచ్చి అడిగేవాడు.

"బెంగళూరులో ఉందప్పా, వస్తుంది."

"వస్తాదిలేమ్మా. తొందరేముండాది. తిన్నావా?"

అంతే. ఇంక ఒక్క మాట ఎక్కువ అడిగేవాడు కాదు. కానీ ఆ ఒక్క మాటకే నాకు ఊళ్ళో తిరగడం కష్టమైపోయింది. మార్కెట్టుకు పోయే వేళ మార్చుకున్నాను. ఇంటికి పోయేటప్పుడు షాఫ్టు దారి వదిలి, గని మట్టి పోసిన తెల్లటి సైనైడు గుట్ట చుట్టూ తిరిగి దుమ్ములో పోయేదాన్ని. ఒకసారి దూరం నుంచి ఆయన చెయ్యి ఎత్తడం చూసి కూడా చూడనట్టు తల వంచుకుని నడిచాను. ఆయన చెయ్యి ఎంతసేపు అలా ఎత్తి ఉంచాడో తెలియదు, నేను వెనక్కి తిరిగి చూడలేదు.

చివరిసారి కలిసింది స్టేషన్లోనే. రైలు వచ్చి పోయింది, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. తప్పించుకునే దారి లేదు. దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు, చొక్కా వదులుగా వేలాడుతోంది. బోర్డు సంగతి అడుగుతాడని ఎదురు చూశాను. అడగలేదు. జేబులోంచి జామకాయ తీసి నా ముందుకు చాచాడు. పట్టుకున్నాను. ఆయన వదల్లేదు.

"తీస్కున్నావా?"

"తీసుకున్నానప్పా."

అప్పుడు వదిలి, నా వెనక పట్టాల వైపు చూసి, "ఈ పొద్దుకు అందురూ వచ్చేసినారు" అని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంటికి వచ్చి ఆ జామకాయ తిన్నాను. అమ్మయ్య, ఈసారి అబద్ధం చెప్పకుండా బయటపడ్డాను అనుకున్నాను. అనుకున్నది అంతే, దాచిపెట్టి లాభం లేదు.

పది రోజులకు ఆయన పోయాడు. నిద్రలోనే. నేను పోయేసరికి వాకిట్లో పట్టుమని ఇరవై మంది లేరు. చేతికర్ర ముసలాయన ఒకడు మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు వందల పద్నాలుగు. నన్ను చూసి, "అందురి లైట్లూ తీస్కొని పెట్టినాడమ్మా. ఈయనది తీస్కునేదానికి ఎవురూ లేకపాయ" అన్నాడు.

పదకొండో రోజు దాటాక ఆయన మేనకోడలు మా ఇంటికి వచ్చింది. చేతిలో గుడ్డ మూట ఉంది. మూట విప్పకుండానే మొదలుపెట్టింది.

"అక్కా, మామ ఇది నీకియ్యమన్నాడు. పోయే ముందు రోజు చెప్పినాడు."

మూటలో గది తాళంచెవి ఉంది. దాని కింద, పాత నూనె వాసన వేస్తూ, ఒక టోపీ లైటు. నా చేతులు వాటంతట అవే దాన్ని తిరగేశాయి. అడుగున నంబరు ఉంది. మూడు వందల అరవై రెండు.

"ఇది దొరికిందా? ఎక్కడ?" అన్నాను.

"దొరికేదేంది అక్కా, యాడికి పోయిందని. మైన్స్ మూసిన కాడి నుంచీ మామ ట్రంకులోనే ఉండాది. ఆ మనిషి ఆ పొద్దే ఇచ్చేసి పోయినాడంట. ఇది కూడా కొక్కానికి పెడితే రూము మూసెయ్యాల గదా, అందుకని ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. నాకు పెండ్లి కాకముందు నుంచీ చూస్తా ఉండాను."

నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఒక్క లైటు అడ్డం పెట్టి ఆ గదిని నిలబెట్టుకున్నాడు.

ఇంక దాచలేక చెప్పేశాను. మీ మామకు నేను అబద్ధం చెప్పాను, బోర్డు రాదు, ఆ గురువారమే గీత కొట్టేశారు అన్నాను.

ఆమె తల ఊపింది. "మామకు తెలుసునక్కా. ఆ పొద్దే తెలిసిపాయ. ఆయమ్మ కిటికీ మీద చెయ్యి పెట్టి ఎతికింది గదా, మీరు పోయినంక దాన్ని తలుచుకుంటే తెలిసిందంట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. గుంత పూడ్చి తప్పు చేసినానే, దానికోసరమే వచ్చినారంట గదా అన్నాడు. టీచరమ్మకు చెప్పద్దు, తానే గదా శుభ్రంగా పెట్టుకోమన్నది అని బాధపడతాది అన్నాడు."

"మరి రోజూ ఎందుకు అడిగేవాడమ్మా, బోర్డు ఎక్కడికొచ్చిందని?"

ఆమె కొంగు సర్దుకుంది. "నేనూ అడిగినానక్కా. బోర్డు మాట ఎత్తితే టీచరమ్మ నిలబడి రెండు మాటలు మాట్లాడతాది, లేకపోతే నాతో మాట్లాడేదానికి ఆయమ్మకేముండాది అన్నాడు."

నేను తల ఎత్తలేకపోయాను. ఆ రెండు మాటలు కూడా తప్పించుకోవడానికే కదా సైనైడు గుట్ట చుట్టూ తిరిగాను.

ఆమె లేచింది. వెళ్ళబోతూ నా చేతిలోని లైటు రెండో చివర పట్టుకుంది. ఆమె వదల్లేదు. మామ పెంచిన పిల్ల. నా మొహం చూస్తూ నిలబడింది.

"తీసుకున్నా" అన్నాను.

ఆ ఆదివారం వెళ్ళి గది తాళం తీశాను. వానలు పడి బయట సున్నం చారలు చారలుగా కారింది. లోపల ఆయన రాసిన నంబర్లు ఇంకా నల్లగా ఉన్నాయి. మూడు వందల అరవై రెండు దగ్గర కొక్కెం మిగతా వాటిలాగే ఖాళీగా ఉంది. కిటికీ చెక్క మీద ఆయన పూడ్చిన సిమెంటు అంచు వెంట సన్నగా బీట వారింది. గోటితో గీకితే వచ్చేలా ఉంది. తీయాలనిపించలేదు. ఆ గుంత ఎంత ఆ గదిదో, ఈ సిమెంటూ అంతే. ఊడ్చి, దుమ్ము దులిపి, సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇంత నిశ్శబ్దంలో ఆయన ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారమూ పోతున్నాను, కొంచెం కొంచెం అర్థమవుతోంది.

పోయిన వారం గది తలుపుకు కాగితం అంటించి ఉంది. వాడుకలో లేని కట్టడాలు తొలగిస్తారట, తాళాలు ఎవరి దగ్గరైనా ఉంటే పదిహేను రోజుల్లో అప్పగించాలట, అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపాలట. కాగితం రెండు సార్లు చదివి ఇంటికి వచ్చాను.

నిన్న సాయంత్రం స్కూలు సున్నం మరకలు చీరకు అంటుకుని ఉండగానే, లైటును ముందు పెట్టుకుని ఉత్తరం రాశాను. ఆ గది ఇంకా వాడుకలోనే ఉంది, మూడు వందల అరవై రెండో నంబరు లైటు తిరిగి రాలేదు, గని నియమం ప్రకారం అది వచ్చేదాకా ల్యాంప్ రూము మూయడానికి వీలు లేదు, తాళం నా దగ్గర ఉంది అని రాసి సంతకం పెట్టాను. తర్వాత లైటును గుడ్డతో తుడిచి, బీరువాలో చీరల అడుగున పెట్టి, తాళం వేశాను.